నా ముఖం, ఆమె పుస్తకం

మే 22, గురువారం

జెనాబు నవల వచ్చేసింది. లిస్బన్ షియాదు వీధిలో పుస్తకాల కొట్టు అద్దం వెనక గోడ కట్టినట్టు పేర్చారు. నా కథల పుస్తకం వచ్చినప్పుడు ఇదే కొట్టువాడు రెండు కాపీలు తీసుకుని వంటల పుస్తకాల పక్కన పెట్టాడు. మా ఇద్దరివీ వేసింది ఒకే సంస్థ, ఆడవాళ్ళ పుస్తకాలే వేసే అల్ఫినెత్, అంటే గుండుసూది. నడిపేది అదే గ్రాసా. ఈ తొమ్మిదేళ్ళలో ఆడవాళ్ళ రాతలకు ఇంత గిరాకీ పెరిగిందన్నమాట. సంతోషించాలి. సంతోషించాను.

లోపలికి వెళ్ళకూడదనుకుంటూనే వెళ్ళాను. కొనేది లేదనుకుంటూ ఒకటి తీసి వెనక్కి తిప్పాను.

వెనక అట్ట మీద నేనున్నాను.

నేనే. నా పసుపు కండువా, నా పళ్ళ సందు, నా గుండ్రటి ముఖం. కింద పేరు మాత్రం జెనాబు బల్దే. "బిసావులో పుట్టి లిస్బన్‌లో పెరిగిన యువ రచయిత్రి" అని రాశారు. ఆమెకు ముప్ఫై నిండలేదు, నాకు నలభై ఏడు. ఆమె తాటిచెట్టంత పొడుగు, నేను గుమ్మడికాయ. ఆమె గినీ బిసావు నుంచి వచ్చింది. మా అమ్మానాన్నలది కేప్ వెర్ద్ దీవులు, నేనైతే ఇక్కడే పుట్టాను. మా ఇద్దరికీ కలిసేది ఒంటి రంగొక్కటే.

బయటికొచ్చి చర్చి మెట్ల మీద కూర్చున్నాను. కోపం రావాలి కదా. మొదట వచ్చింది కోపం కాదు. అంత పెద్ద పేర్పులో ప్రతి పుస్తకం వెనకా నేనున్నానని తోచి ఒళ్ళు పులకరించింది.

మళ్ళీ లోపలికెళ్ళి కొనేశాను. రేపు గ్రాసాకి ఫోన్ చేసి చెబుతాను.

మే 23, శుక్రవారం

చెప్పలేదు. నేను పనిచేసే ఆరోగ్య కేంద్రంలో ఒకటే రద్దీ.

మే 25, ఆదివారం

అక్క ఇవోన్ సెలూన్‌కి వెళ్ళాను. ఎవరికో జడలు అల్లుతోంది.

"ఏంటే, మొహం వెలిగిపోతోంది? ఎవణ్ణైనా తగులుకున్నావా?"

పుస్తకం చూపించాను. చేతులు తుడుచుకుని ముందుకీ వెనక్కీ తిప్పి చూసింది.

"ఇది నువ్వు కదే! పేరు వేరేదేంటి?"

"పొరపాటు పడ్డారు."

"పొరపాటా? నీ పుస్తకం వేసింది వాళ్ళే. ఈ ఫోటో తీయించింది వాళ్ళే. ఆ గ్రాసా మన అమ్మ చావుకొచ్చి నన్ను వాటేసుకుని మరీ ఏడ్చింది కదే! సంస్థకి పేరేమో గుండుసూది, చేసేది చూస్తే సమ్మెట పని."

"వాళ్ళకి పని ఎక్కువక్కా."

"ఆ పిల్లకి చెప్పావా?"

"ఏ పిల్లకి?"

"రాసినదానికే. పాపం."

పాపమట! పోయినేడు ప్రైజు కొట్టేసింది, టీవీలో వారం వారం కనిపిస్తుంది, ఆ మెడ చూస్తే రాణిగారి మెడ. ఆమెకా పాపం? పోయేదేముంది, ఒక ఫోటో.

వాళ్ళే చూసుకుంటారు. నేను చెబితే చాడీ చెప్పినట్టుంటుంది.

మే 28, బుధవారం

నేను కూర్చునే కౌంటర్ దగ్గరికి బీపీ మందుల కోసం నెలనెలా ఒక పెద్దావిడ వస్తుంది. ఈరోజు చీటీ ఇస్తూ ఆగిపోయింది. "అయ్యో, మీరేనా తల్లీ! ఇన్నాళ్ళూ నా చీటీ మీద ముద్ర కొట్టేది ఇంత గొప్ప మనిషని తెలియనే లేదు." సంచిలోంచి పుస్తకం తీసింది. "మా కోడలు కొనిచ్చింది. చదువుతుంటే మా అమ్మే కళ్ళ ముందుకొచ్చింది. ఒక్క సంతకం పెట్టండి."

కాదని చెప్పడానికే నోరు తెరిచాను. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. పెద్ద మనిషిని ఎందుకు కష్టపెట్టాలని పెట్టేశాను. ఏ పేరో తెలియకుండా గీకాను. డాక్టర్లు పెట్టట్లేదా అలా.

డాక్టరుగారు కూడా కాఫీ వేళ వచ్చి, "ఇది మీ కలం పేరన్నమాట!" అని చెయ్యి కలిపారు. నా పుస్తకం వచ్చిన కొత్తలో ఆయనకు ఒక కాపీ ఇచ్చాను. టేబుల్ కాలు కింద ఎత్తుకి పెట్టుకున్నారు.

ఈ వారాంతంలో గ్రాసాకి చెప్పేస్తాను. నవల ఇంకా చదవలేదు, తీరికేదీ?

జూన్ 1, ఆదివారం

జెనాబు పారిస్ నుంచి తిరిగొచ్చింది. నవల ఫ్రెంచిలోకి వెళుతోందట, ఆ ఒప్పందం కోసం వెళ్ళింది. నా కథలు పోర్చుగీసు వాళ్ళే పోర్చుగీసులో చదవలేదు.

వచ్చీ రాగానే వెనక అట్ట ఫోటో తీసి నెట్‌లో ఊరందరికీ చూపించింది. కింద ఒక ముక్క రాసింది: "మా గుండుసూది అక్కలకు ధన్యవాదాలు. కొత్త పుస్తకంతో పాటు కొత్త ముఖం కూడా ఇచ్చారు." సాయంత్రానికి దేశమంతా పాకింది. వార్తల్లో కూడా చూపించారు. ఆమె నిజం ఫోటో ఒక పక్క, నా ఫోటో ఒక పక్క. నా ముఖానికి అడ్డంగా ఎర్రగీత కొట్టారు, ఇది తప్పు అని జనానికి తెలియడానికి.

జూన్ 2, సోమవారం

ఎవరూ ఫోన్ చేయలేదు. ఫోన్ పాడైందేమోనని అక్క చేత చేయించి చూశాను. బాగానే ఉంది.

జూన్ 3, మంగళవారం

అల్ఫినెత్ ప్రకటన వచ్చింది. "ముద్రణలో జరిగిన చిన్న సాంకేతిక లోపం వల్ల మా ప్రియమైన జెనాబు ఫోటో స్థానంలో మరో ఆఫ్రికన్ రచయిత్రి ఫోటో వచ్చింది. దీనివల్ల ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే చింతిస్తున్నాం. మేమంతా అక్కచెల్లెళ్ళం."

మరో ఆఫ్రికన్ రచయిత్రి!

ఆఫ్రికా నేను టీవీలో చూడ్డమే. నాకు పేరుంది. ఆ పేరు వాళ్ళే అచ్చు వేశారు. వాళ్ళ కాటలాగులో నాలుగో పేజీలో ఉన్నాను. నిన్నటిదాకా ఉన్నాను, ఈరోజు చూడలేదు.

జెనాబుకు పూలు పంపారట. తెల్ల లిల్లీలు, మోయలేనంత గుత్తి. ఆమె ఆ ఫోటో కూడా పెట్టింది. తప్పు చేసింది ఇద్దరికీ, పూలు మాత్రం ఒకరికే. నాకు లిల్లీలు పడవు, తుమ్ములొస్తాయి. అయినా సరే.

జూన్ 5, గురువారం

అల్ఫినెత్‌లో ఏ గొడవ వచ్చినా "వలయం" పెడతారు. అందరూ నేల మీద గుండ్రంగా కూర్చోవాలి, ఎవరికీ కుర్చీ ఉండదు. గుండుసూదులు గుచ్చే చిన్న దిండు ఒకటి చేతులు మారుతూ ఉంటుంది. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి. ఈరోజు జెనాబు కోసం పెట్టారు. "మన జెనాబుకు తోడుగా రండి" అని నాకూ పిలుపు వచ్చింది. తోడుగా!

దిండు ముందు గ్రాసా తీసుకుంది. ఆమెకు డెబ్బై దాటాయి. నియంతల కాలంలో కరపత్రాలు పంచి జైలుకెళ్ళిన మనిషి.

"ఈ దేశంలో ఆడవాళ్ళ కోసం చెప్పులరిగేలా తిరిగాను. నాకు రంగు కనిపించదు. నాకు కనిపించేది ఆడది, అంతే. అలాంటి నన్ను... నన్ను పట్టుకుని..." అని ఏడుపు మొదలెట్టింది. ఒకరు మంచినీళ్ళు తెచ్చారు, ఒకరు రుమాలు ఇచ్చారు, ఒకరు వీపు నిమిరారు. వలయం కాస్తా ఆమె చుట్టూ ముద్దయింది.

"రంగు కనిపించకపోవడమేంటి గ్రాసాగారూ, అదొక్కటే కనిపించినట్టుంది!" అంది జెనాబు.

కొత్తగా చేరిన బెనెదీతా అనే పిల్ల, దిండు లేకుండా మాట్లాడకూడదని గుర్తుచేసింది.

"సరే. ఆవిడ ఏడవడం అయ్యాక ఆ దిండు నా ఇంటికి పంపండి." జెనాబు లేచి వెళ్ళిపోయింది. ఆ నడక చూడాలి.

తర్వాత దిండు నా దాకా వచ్చింది. గొంతు సవరించుకున్నాను. బెనెదీతా నా మోకాలి మీద చెయ్యి వేసి మెల్లిగా అడిగింది, "మీరు ఆమెకి చుట్టాలా?"

నా ఫోటో ఫైల్లోంచి తీసి ఆ అట్ట మీద పెట్టింది ఈ పిల్లే. అది సరిగ్గా ఉందని ఒప్పుకుని ముద్రణకు పంపింది గ్రాసా. ఆ గ్రాసా నా ఎదురుగా ముక్కు చీదుకుంటోంది, నా వైపు చూడలేదు.

"కాదు" అని దిండు పక్కావిడకి ఇచ్చేశాను.

దారంతా జెనాబు మీద మండిపోయాను. లేచి వెళ్ళిపోవడం నాకు చేతకాదా? ఆమె ముందే లేచిపోతే నేనెలా లేచేది! రెండోసారి లేస్తే కాపీ కొట్టినట్టుంటుంది.

జూన్ 8, ఆదివారం

జెనాబు ఫోన్ చేసింది.

"అర్మిందాగారేనా? మీ ఫోటో వాడినందుకు మీకు సారీ చెప్పారా వాళ్ళు?"

"నాకెందుకు? పుస్తకం నీది కదా."

"ముఖం మీదే కదండీ! నేను వాళ్ళకి తెగేసి చెప్పాను. పుస్తకాలన్నీ వెనక్కి తెప్పించి అట్ట మార్చాలి. ఏం చేశారో చెప్పి, ఇద్దరి పేర్లూ చెప్పి సారీ చెప్పాలి. అందాకా వాళ్ళ వేదిక ఎక్కేది లేదు. మీ పేరు లేకపోతే అసలే ఎక్కను."

ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

"ఇంకో సంగతి. నిన్న ఒకావిడ సంతకం పెట్టమని పుస్తకం తెచ్చింది. చూస్తే అప్పటికే ఒకటుంది. మందుల చీటీలా ఉంది. అమదోరా ఆరోగ్య కేంద్రంలో పెట్టించుకున్నానంది." పకపకా నవ్వింది. "అక్కా, ఈసారి కాస్త గుండ్రంగా పెట్టు. నా పేరుకి పరువుంది."

సిగ్గుతో చచ్చిపోయాను. తిట్టి ఉంటే ఎంత బాగుండేది. తిడితే నేనూ నాలుగు తిట్టేదాన్ని. చివరికి మంచితనంలో కూడా తనే ముందు.

జూన్ 10, మంగళవారం

సెలవు. గ్రాసా భోజనానికి పిలిచింది. బంగాళాదుంపలు, ఆలివ్ నూనె వేసి ఉప్పుచేప వండింది. ఎప్పటికీ ఆవిడ చేతి వంటకి వంక పెట్టలేం.

"నా బంగారు తల్లీ, నువ్వెంత నలిగిపోయావో! అందరూ ఆ పిల్ల గురించే గానీ నీ బాధ ఎవరికైనా పట్టిందా?"

ఆ మాట కోసం ఇన్నాళ్ళు కాచుకుని ఉన్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"శనివారం పుస్తకాల పండగలో మన సభ ఉంది. జెనాబు రానంటోంది. చిన్నది, ఆవేశం. నువ్వు మా మనిషివి. వచ్చి నా పక్కన కూర్చో. నేను నాలుగు ముక్కలు చెబుతాను. నువ్వు, 'పరవాలేదు, మనమంతా ఒకటే' అను. చాలు, గొడవ చల్లారిపోతుంది."

"నా రెండో పుస్తకం ఇచ్చి మూడేళ్ళయింది గ్రాసాగారూ."

"వచ్చే వసంతానికి వేసేద్దాం! ఎంత గొప్ప నవల! ఆ గొంతులో ఏదో శక్తి ఉంది. ఆ డప్పుల మోత వినిపిస్తుంది నాకు."

నేనిచ్చింది నవల కాదు, కథలు. వాటిలో డప్పులు లేవు. రైళ్ళున్నాయి, ఆసుపత్రులున్నాయి.

పెద్దావిడ, మాట తడబడి ఉంటుంది. వస్తానన్నాను. ఎందుకు రాను? ఆరిపోయిన పొయ్యిలా మూడేళ్ళు కూర్చున్నాను. జెనాబుకైతే ఇంకో వేదిక, ఇంకో దేశం, ఇంకో ప్రైజు. నాకెవరున్నారు?

జూన్ 11, బుధవారం

జెనాబుకు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమేముంది, ఆమె ఏమన్నా మా అత్తగారా?

జూన్ 13, శుక్రవారం

సంత్ అంతోనియు పండగ. వీధంతా సార్డీన్ చేపలు కాలుస్తున్న పొగ, పాటలు. అక్క రెండుసార్లు పిలిచింది, తలనొప్పని చెప్పాను. రేపు సభలో ఎవరైనా అడిగితే ఇబ్బంది కదా అని నవల తెరిచాను. పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను, తప్పులు గుర్తుపెట్టడానికి.

మొదటి అధ్యాయంలో రెండు దొరికాయి. రెండో దాంట్లో ఒకటి, అది కూడా తప్పేమీ కాదు. రైలు అధ్యాయం దగ్గర పెన్సిలు ఎక్కడ పడిపోయిందో తెలియదు.

సింత్రా లైన్లో తెల్లవారకముందు వెళ్ళే మొదటి రైలు. బ్యాంకులూ ఆఫీసులూ తుడవడానికి పోయే ఆడవాళ్ళు. ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి నిద్రపోతారు. అది ఎవరి భుజమో ఎవరూ చూడరు. దిగే స్టేషను రాగానే కళ్ళు తెరవకుండానే లేస్తారు. అంతే రాసింది. ఆ ఆడవాళ్ళు పడే కష్టం గురించి ఒక్క ముక్క రాయలేదు.

అది మా అమ్మ ఎక్కిన రైలు. నేనూ రాశాను దాని గురించి, ఆ రెండో పుస్తకంలోనే. బాగా రాశాననుకున్నాను.

దీని దుంప తెగ! ఈ రైలు నాది. ఇంత బాగా రాయడానికి దీనికి వయసేది?

కాసేపు ఏడ్చాను. అసూయే. ఇంకో పేరు పెట్టుకోవడానికి ఎంత వెతికినా దొరకలేదు.

జూన్ 14, శనివారం

పార్కులో గుడారాల కింద జనం కిటకిటలాడారు. వేదిక మీద గ్రాసా, నేను. ముందు బల్ల మీద జెనాబు నవల పేర్పు. అట్ట మార్చలేదు, నా ముఖం మీద జెనాబు ఫోటో ఉన్న చిన్న కాగితం అంటించారు. ఎండకి జిగురు వదిలి ఆమె చెంప పక్కనుంచి నా చెవి కనిపిస్తోంది.

గ్రాసా మైకు తీసుకుంది. "మనుషులన్నాక పొరపాట్లు జరుగుతాయి. ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే, నా మనసు అంతకంటే ఎక్కువ నొచ్చుకుంది. నా ఈ చెల్లెలు పెద్ద మనసుతో వచ్చింది." నన్ను కావలించుకుని ఏడ్చింది. నా చెయ్యి దానంతటదే ఆవిడ వీపు నిమిరింది. ఆరోగ్య కేంద్రంలో అలవాటైపోయింది. జనం చప్పట్లు కొట్టారు. మైకు నాకిచ్చింది.

ఏమన్నానో మరిచిపోకముందే రాసుకుంటున్నాను.

"నా పేరు అర్మిందా తవారెస్. ఈ పుస్తకం నేను రాయలేదు. రాసింది జెనాబు బల్దే. ఆమె నాకంటే పొడుగు, నాకంటే చిన్నది." అక్కడితో ఆపాలనుకున్నాను. ఆగలేదు. "నాకంటే బాగా రాస్తుంది. గ్రాసాగారు ఇప్పుడు చెప్పిన సారీ ఆమెకు చెప్పాల్సింది. ఆమె ఇక్కడ లేదు. ఆమె బదులు నేను పరవాలేదంటే, ఆమె చోట మళ్ళీ నా ముఖం పెట్టినట్టే. ఒకసారి పెట్టారు, చాలు. నాకు చెప్పాల్సింది వేరే ఉంది. అది ఇంకా ఎవరూ చెప్పలేదు. చెప్పినప్పుడు, పరవాలేదో కాదో ఆలోచించి చెబుతాను."

ఎవరో ఒకరిద్దరు చప్పట్లు కొట్టబోయి, పక్కవాళ్ళని చూసి ఆపేశారు. మైకు బల్ల మీద పెట్టి దిగాను. గ్రాసా నా వెనకే మెట్లు దిగి చెవి దగ్గర అడిగింది, "ఇదంతా ఆ పిల్లే నేర్పి పంపిందా నీకు?"

బతుకులో మొదటిసారి నేను సొంతంగా మాట్లాడిన మాట. అదీ జెనాబు ఖాతాలోకే పోయింది!

జూన్ 17, మంగళవారం

గ్రాసా మెసేజ్: "రాబోయే రెండేళ్ళ ప్రచురణలు నిండిపోయాయి. నీ నవల మరెక్కడైనా చూసుకో. నీది శక్తివంతమైన గొంతు."

అక్క నా జడలు అల్లుతూ దులిపేసింది. "నోటి దగ్గరికొచ్చిన కూడు కాలదన్నుకున్నావు కదే! మూడేళ్ళు కాచుకున్నదానివి మూడు నిమిషాలు నోరు మూసుకోలేకపోయావా? అమ్మ ఉంటే చెంప పగలగొట్టేది." ఇంకో పాయ తీసుకుంది. "కొట్టేసి, వీధంతా తిరిగి చెప్పుకునేది."

జడలు మరీ బిగించేసింది. తల ఇప్పటికీ నొప్పిగానే ఉంది.

జూన్ 18, బుధవారం

జెనాబు ఫోన్. నేను మాట్లాడిన వీడియో ఎవరో పెట్టారట.

"నీకంటే నేను బాగా రాస్తానని నలుగురిలో అనేశావు. నీవి చదవకుండా నేనెలా ఒప్పుకోను? నీ కథలు పంపక్కా."

ఆమె "కథలు" అంది. ఎవరు చెప్పారంటే, పాత పత్రికల్లో రెండు చదివిందట.

పంపనన్నాను. గంట తర్వాత ఆ రెండో పుస్తకం మొత్తం పంపాను.

జూన్ 20, శుక్రవారం

చదివి ఉండదు. ఆ పారిస్ వాళ్ళతో తీరిక ఎక్కడ. లేదా చదివి, ఏం చెప్పాలో తెలియక జాలిపడుతూ ఉంటుంది. పూలు పంపిస్తుందేమో. పంపితే మొహాన కొడతాను.

జూన్ 22, ఆదివారం

పూలు రాలేదు. పొద్దున్నే ఆమె మెసేజ్ వచ్చింది, పొడుగ్గా.

"అక్కా, అన్నీ చదివాను. రైలు కథ చదివి కుళ్ళొచ్చింది. ఆ టిఫిన్ డబ్బా సంగతి నాకెందుకు తట్టలేదా అని రాత్రంతా పొర్లాను. కానీ చివరి పేజీ తీసెయ్. అక్కడిదాకా దర్జాగా వచ్చి, ఆ పేజీలో చదివేవాడి కాళ్ళు పట్టుకున్నావు, వాళ్ళని చూసి జాలిపడండి బాబూ అని. నాలుగో కథ అసలు పనికిరాదు, పారెయ్. మిగతావాటి గురించి మాట్లాడాలి. ఈ వారం వస్తాను. చేపలు తెస్తాను, నువ్వు వండు."

ఎంత పొగరు! నిన్నగాక మొన్న కలం పట్టిన పిల్ల నా కథలకు వంకలు పెట్టడమా? ఎవరడిగారు దీన్ని? ఇల్లంతా నాలుగుసార్లు తిరిగాను. అక్కకి ఫోన్ చేసి తిట్టాను. అక్కేమో, "అయితే అంతా చదివిందన్నమాట!" అంది.

అంతా చదివింది. ఏ పేజీలో ఏముందో దానికి తెలుసు. ఇన్నేళ్ళలో నా రాతలో ఒక పేజీ ఎక్కువైందని చెప్పిన మనిషి ఒక్కరు లేరు.

కుళ్ళొచ్చిందట. దానికి, నన్ను చూసి! ఆ ఒక్క మాట మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను.

మధ్యాహ్నం దాకా ఆ చివరి పేజీ ముందు పెట్టుకుని కూర్చున్నాను. తర్వాత తీసేశాను. కథ పడిపోలేదు, ఇంకా నిటారుగా నిలబడింది. రాక్షసి.

నాలుగో కథ మాత్రం తీయను. చస్తే తీయను. రానీ, ఆ చేపలు పట్టుకుని, చెబుతాను దాని పని.